పులిహోరలో ఏమేమి వేశారు?

జర్మనీలో పుట్టినరోజు ఎవరిదో వారే కేకు తెచ్చి తోటి ఉద్యోగులకు పెట్టాలి. ఆ మర్యాద తెలియక, స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నా పుట్టినరోజున ఎవరైనా ఏదైనా పెడతారేమోనని సాయంత్రం దాకా ఎదురుచూసి, చివరికి రైలెక్కి ఇంటికి వెళ్ళిపోయాను. రెండో ఏడాది వీధి చివరి బేకరీలో కేకు కొని పట్టుకెళ్ళాను. అందరూ మర్యాదగానే తిన్నారు కానీ, బజారు సరుకుతో పని కానిచ్చానన్న సిగ్గు నాకు మిగిలిపోయింది. అందుకని పోయిన మార్చిలో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, పోపు ఘాటుకు పొగ అలారం మోగకుండా వంటింటి కిటికీలు రెండూ బార్లా తెరిచి, మెట్లదారిలోకి వాసన పోకుండా వీధి తలుపు కింద తడి తువ్వాలు దోపి, పన్నెండు మందికి సరిపడా పులిహోర కలిపాను.

పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను చేరిన కొత్తలో జీతం మీద పన్ను కాగితాల నుంచి ఇంటి అద్దె ఒప్పందం దాకా అన్నీ పక్కన కూర్చుని చదివి చెప్పిన మనిషి. గరిటెడు వడ్డించుకుని, "ఇందులో ఏమేమి ఉన్నాయి?" అని అడిగారు. అచ్చం మా అమ్మ చెప్పే తీరులోనే, "ఏముందండీ, అన్నం, చింతపండు, కాస్త పసుపు, అంతే" అన్నాను. నోటి దగ్గరికి వెళ్ళిన చెంచా ఆగిపోయింది. అందులో నుంచి ఒక గింజను వేలితో పక్కకు జరిపి, "ఇది వేరుశనగేనా?" అన్నారు. అవునన్నాను. ఆవిడ ప్లేటు కింద పెట్టి, గొంతు ఏమాత్రం పెంచకుండా, అందరూ వింటుండగానే, "ఏమేమి ఉన్నాయని నేను అడిగాను. మీరు 'అంతే' అన్నారు. అంతే కాదు కదా. వేరుశనగ నాకు పడదు, అందుకే సంచిలో సూదిమందు పెట్టుకుని తిరుగుతాను. ఇంట్లో చేసిన వంట తెచ్చేటప్పుడు ఏమేమి వేశారో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి" అని చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మిగిలినవారు తిన్నారు, ఇద్దరు మారు కూడా వడ్డించుకున్నారు. అయినా ఆ సాయంత్రం రైల్లో సగం నిండిన గిన్నెను ఒళ్ళో పెట్టుకుని వస్తున్నప్పుడు, నలుగురిలో చెంప మీద కొట్టించుకున్నట్టే ఉంది.

ఆ రాత్రంతా ఆవిడతో మనసులోనే వాదించాను. ఐరోపాలో 2014 డిసెంబరు 13 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, కొందరికి ప్రాణం మీదికి తెచ్చే 14 రకాల పదార్థాలలో ఏది వాడినా హోటళ్ళవాళ్ళూ దుకాణాలవాళ్ళూ చెప్పి తీరాలి. మా క్యాంటీన్‌లో ప్రతి వంటకం పేరు పక్కనా చీమల బారులా కనిపించే చిన్న అక్షరాలు అందుకే. అయితే ఆ చట్టం అమ్ముకునేవారికి గానీ, తెల్లవారుజామున లేచి ప్రేమకొద్దీ వండి తెచ్చినవాడికి కాదు కదా అన్నది నా మొదటి వాదన. నైవేద్యంగా పెట్టే పదార్థానికి ఎవరైనా జాబితా రాస్తారా అన్నది రెండోది. మూడో వాదన కోసం ఫోనులో ఆ 14 పేర్లూ తెరిచి, పులిహోర ఎంత నిరపాయమైన వంటకమో నిరూపిద్దామని లెక్క వేయబోయాను. వేరుశనగ ఒకటి. జీడిపప్పు రెండు. పోపులో ఆవాలు మూడు. నేను వాడింది పప్పు నూనె, అంటే నువ్వుల నూనె, అది నాలుగు. నోట్లో ఎప్పుడూ 'పప్పు నూనె' అనే పేరే ఆడుతుంది కాబట్టి, అందులో నువ్వులున్నాయన్న స్పృహే నాకు లేదు. చివరికి అల్మరాలో ఉన్న ఇంగువ డబ్బా తిప్పి చూస్తే, పొడి కట్టడానికి అందులో గోధుమపిండి కలిపారు, అది ఐదు. గుడి ప్రసాదమని నేను ధీమాగా పట్టుకెళ్ళిన గిన్నెలో 14లో 5 ఉన్నాయి. ఆ లెక్క తేలాక నా కోపం తగ్గాలి గానీ, న్యాయం అవతలి పక్షాన ఉందని తెలిసినప్పుడు వచ్చే కోపానికి మందు లేదు.

నన్ను నిజంగా కుదిపింది వేరుశనగ కాదు, 'అంతే' అన్న మాట మీద ఆవిడ పెట్టిన వేలు. పదహారు రకాలు వడ్డించి కూడా "ఏమీ చేయలేకపోయామండీ, ఏదో ఉన్నదాంట్లో" అనకపోతే మన ఇళ్ళలో గృహిణికి మర్యాద తక్కువ. వేసినవన్నీ వరసగా చదివితే డాబు కొట్టుకుంటున్నట్టు. అడిగినవారు కూడా జవాబు కోసం అడగరు, మాట కలపడానికి అడుగుతారు. అదీకాక మన వంటకాల పేర్లే సగం సంగతి చెప్పేస్తాయి: ఆవపిండి వేసిన కాయ కాబట్టి ఆవకాయ, నువ్వులు దంచితే నువ్వులపొడి. గుంటూరులో వేరుశనగ పడనివాడు అంటూ ఎవరైనా ఉన్నారా అని కూడా ఆ రాత్రి అనుకున్నాను. వెంటనే, జీడిపప్పు పాకం తిన్నప్పుడల్లా పెదవులు వాచిపోయే మా చిన్నాన్న గుర్తుకొచ్చారు. వేడి చేసిందని ఆయనకు మజ్జిగ పట్టేవారు, మళ్ళీ పండక్కి అదే పాకం పెట్టేవారు.

తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాను. వారం తిరక్కుండానే ఆవిడ ఇంట్లో చేసిన ఆపిల్ కేకు ముక్క నా బల్ల మీద పెట్టారు, దానికి పిన్నుతో గుచ్చిన కాగితం మీద పిండి, గుడ్లు, వెన్న, ఆపిల్, దాల్చినచెక్క అని ఉంది. అది రాజీ అని ఇంకెవరికైనా తెలిసేది, నాకు మాత్రం దెప్పిపొడుపులా కనిపించింది. మే నెలలో వేరుశనగ, జీడిపప్పు లేకుండా మళ్ళీ పులిహోర చేసి, కాగితం రాసి పెట్టాను. ఆవిడ ఆ కాగితం పూర్తిగా చదివి, రెండుసార్లు వడ్డించుకున్నారు. నా చేతి పులిహోర కన్నా నా చేతిరాత ఎక్కువ నచ్చిందేమోనని ఒక మూల గునుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు సెలవుకు గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. పండగ వంటలు మొదలయ్యాయి. పొద్దున పక్కింటి పిన్నిగారు గిన్నెడు జంతికలు ఇచ్చి వెళ్ళారు. అమ్మ ఆ గిన్నె కడిగి, సున్నుండలు పెట్టి తిరిగి పంపింది, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపేది. ఎవరింట్లో ఏ గిన్నె ఉండిపోయినా పేచీ రాదు, అన్నింటి మీదా పేర్లు కొట్టించి ఉంటాయి. పెళ్ళికి ఇచ్చిన గంగాళం నుంచి కాఫీ గ్లాసు దాకా మా ఇంట్లో అక్షరాలు లేని పాత్ర లేదు. చిన్నప్పుడు అన్నం తింటూ ఆ చుక్కల అక్షరాలను వేలితో తడుముతూ చదువుకోవడం నేర్చుకున్నాను. గిన్నెలో ఏముందో మావాళ్ళు ఎన్నడూ రాయలేదు, గిన్నె ఎవరిదో రాసుకున్నారు. ఎవరిదో తెలిస్తే చాలు, ఏముందో అడగనక్కర్లేదు. కార్తీక సోమవారం నాడు ఉల్లి, వెల్లుల్లి వేయలేదు కదా అని ఒక్క మాట అనడం తప్ప ఇంకే విచారణా ఉండదు. ఆఫీసులో ఆ ప్రశ్న నన్ను అంతగా నొప్పించడానికి కారణం ఇదే కావచ్చు. నన్ను ఎరిగి కూడా, నా గిన్నెలో ఏముందని అడిగారు.

డిసెంబరులో బయలుదేరే ముందు, స్టుట్‌గార్ట్‌లో మా కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒక రేకు డబ్బా తెచ్చి ఇచ్చారు. క్రిస్మస్‌కు ముందు అక్కడి ఇళ్ళలో ప్లెట్స్‌హెన్ అనే చిన్న చిన్న బిస్కెట్లు కాల్చి, డబ్బాలకు ఎత్తి ఇరుగుపొరుగుకు పంచుతారు, మన సంక్రాంతి సందడే. ఆవిడ వేసవిలో ఇచ్చే జామ్ సీసాల మీద కూడా పండు పేరూ ఏడాదీ తప్పకుండా ఉంటాయి. ఆ డబ్బాలో అడుగున, విడిగా కాగితంలో చుట్టిన నెలవంక బిస్కెట్ల పొట్లం ఒకటి ఉంది. దాని మీద వణికే అక్షరాలతో "మీ అమ్మగారికి. గుడ్డు లేదు. బాదం, వెన్న, గోధుమపిండి ఉన్నాయి" అని రాశారు. అమ్మ గుడ్డు ముట్టదని రెండేళ్ళ క్రితం ఎప్పుడో మాటల్లో అన్నాను. నాకే గుర్తు లేదు.

ఆవిడ లూథరన్ శాఖ క్రైస్తవురాలు. మా ఊళ్ళో క్రిస్మస్ ఉంటుందా అని అడిగితే, జర్మనీలోనే హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, అమెరికా మీదుగా 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ సంగతి, మా నాన్న చదివిన ఏసీ కాలేజీ, అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ, ఆ మిషన్ పెట్టినదేనన్న సంగతీ కాస్త గర్వంగానే చెప్పాను. ఆవిడ మహా సంతోషపడి, "అయితే క్రిస్మస్‌కు మీ ఇంటికి ఎవరెవరు మిఠాయిలు పంపుతారు?" అని అడిగారు. చాలామంది పంపుతారని చెప్పాను. విమానం దిగేదాకా ఆ 'చాలామంది' ఎవరా అని వెతుక్కుంటూ వచ్చాను.

ఇంటికి చేరిన రోజు సాయంత్రమే అమ్మకు ఆ కాగితం చదివి వినిపించాను. మొదటిదాన్ని సందేహిస్తూ కొరికి, నానకటాయిలా ఉందని కాఫీతో మూడు తిని, "ఎక్కడో ఉన్న నాకోసం విడిగా చేసిందిరా, ఎంత జాగ్రత్త గల మనిషో!" అని కాగితాన్ని మడిచి దేవుడి అలమరలో పెట్టుకుంది. గుడ్డు ఉందేమోనన్న భయంతో పరాయి దేశపు తిండి ఏదీ ముట్టని మా అమ్మ, మనిషిని చూడకుండానే ఆ రాతను నమ్మి తిన్నది. ఆఫీసులో కాగితం అడిగినందుకు నేను తొమ్మిది నెలలు మోసిన కోపం ఆ కాఫీ దగ్గరే నాకు వెలితిగా అనిపించింది.

క్రిస్మస్ మర్నాడు, పదకొండేళ్ళుగా మా ఇంట్లో పని చేస్తున్న అక్క మూత బిగించిన కొత్త స్టీలు డబ్బా తెచ్చి, "పండగవి, అమ్మగారూ" అని ఇచ్చింది. డబ్బా మీద కూతురి పేరు కొట్టించి ఉంది. లోపల అరిసెలు, కజ్జికాయలు. "ఇవన్నీ ఎందుకే నీకు శ్రమ" అని అమ్మ ఆప్యాయంగానే అందుకుని, వంటింట్లోకి తీసుకువెళ్ళకుండా పెరట్లో వాషింగ్ మిషన్ మీద పెట్టింది. మధ్యాహ్నం నేనొక అరిసె తీసుకుని తిన్నాను. బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, మేము చేసుకునేవే. సాయంత్రం అవి వాచ్‌మన్ ఇంటికి వెళ్ళడం చూసి, "అమ్మా, అందులో గుడ్డు లేదు, మనం వేసుకునేవే ఉన్నాయి" అన్నాను. అమ్మ నా వైపు చూడకుండా, "ఏముందని కాదులేరా" అని లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మను వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ఆ అక్క కూతురి కాలేజీ ఫీజు రెండేళ్ళు కట్టింది అమ్మే, ఆవిడకు జ్వరమొస్తే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళిందీ అమ్మే. మా ఇంట్లో కులం మాట ఎవరూ పైకి అనగా నేను వినలేదు. అనవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు, మా ఇంటి నుంచి వెళ్ళే గిన్నెలూ వచ్చే గిన్నెలూ ఏ గుమ్మాల మధ్య తిరగాలో వాటికే తెలుసు. ఇదంతా నాకు కొత్తగా తెలిసిందీ కాదు, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ వరండాలోనే ఉంది. అక్కడి కాగితం నా వంటను అనుమానించిందని అంత బాధపడ్డవాణ్ణి, ఇక్కడ ఇన్నేళ్ళు దేన్నీ లెక్క వేయలేదు.

నిన్న అరిసెలు వండారు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి కింది అంతస్తు పెద్దావిడ రేకు డబ్బా కూడా వెంట తెచ్చాను. పాలతో, మాంసంతో చేసినవి సామానులో తీసుకువెళ్ళడం ఐరోపాలో నిషేధం, ఎందుకొచ్చిన తంటా అని నెయ్యి వద్దన్నాను. ఆ ఒక్క వాయి అమ్మ విడిగా నూనెలో వేయించి, గరిటెల మధ్య ఒత్తి, డబ్బాలో వరసగా పేర్చింది. తర్వాత పెన్ను తెచ్చి నా ఎదురుగా కూర్చుని, ఏమేమి రాయాలో తనే చెప్పింది: బియ్యప్పిండి, బెల్లం, యాలకులు, నువ్వులు. "నువ్వులు పడనివాళ్ళు ఉంటారన్నావుగా, పెద్ద అక్షరాలతో రాయి" అంది.

నేను రాస్తుండగా అక్క వచ్చింది. తన డబ్బా కడిగి గోడ మీద బోర్లించి ఉంది. అమ్మ దాన్ని తీసి తుడిచి, పది అరిసెలు పెట్టి చేతికిచ్చింది. ఏమేమి వేశారని అక్క అడగలేదు. మూత పెట్టుకుని, కొంగు కప్పుకుని, "మొన్న మావి ఎలా ఉన్నాయమ్మగారూ, పాకం కాస్త ముదిరినట్టుంది" అంది. అమ్మ జవాబు చెప్పేలోపలే, "బాగున్నాయక్కా, నేను తిన్నాను" అన్నాను. అక్క అమ్మ వైపే చూస్తోంది.