షికారు మాట, వనస్థలి నేల

ఆదివారం సాయంత్రం మా వనస్థలిపురంలో పిల్లలు షికారుకు పోదామని అడిగితే, వాళ్ల మనసులో ఉండేది విజయవాడ రహదారి పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి. ఫారసీలో వేట అని అర్థమున్న ఆ మాట తెలుగులో కాలక్షేపపు నడకగా స్థిరపడిపోయింది. ఆ పార్కు నేల కథ కూడా ఇంచుమించు అదే, ఎందుకంటే ఒకప్పుడు అది నిజాంల వేటమైదానం. వర్ధమాన మహావీరుని నిర్వాణానికి రెండువేల అయిదువందల ఏళ్లు నిండిన సందర్భంలో, 1975లో, దానికి ఆయన పేరు పెట్టారు. తుపాకులు మోగిన చోటికి అహింసా ప్రబోధకుని పేరు ఎంచుకున్నవారెవరో గానీ, వారి ఔచిత్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. 1994లో అది జాతీయ ఉద్యానం అయింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు.

పోయిన నెల అక్కడ ఒక ఇర్రిని చాలా దగ్గరగా చూశాను. కృష్ణజింకల్లో మగదాన్ని మన పాత తెలుగు ఇర్రి అంటుంది. వీపు నల్లగా, పొట్ట సున్నం కొట్టినట్టు తెల్లగా, కళ్ల చుట్టూ తెల్లని వలయాలు, తలపై మరపెట్టినట్టు మెలితిరిగిన కొమ్ములు. తుమ్మచెట్టు నీడలో నిలబడి నన్ను చూసి, ఇతనివల్ల ప్రమాదం లేదని తేల్చుకున్నట్టుగా మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. దాని పూర్వుల వెంట హైదరాబాదు సంస్థానంలో చివంగిని, అంటే శిక్షణ ఇచ్చిన చీతాను, వదిలి వేటాడేవారు. కళ్లకు గంతలు కట్టి ఎద్దుబండిపై మందకు చేరువగా తీసుకువెళ్లి, గంతలు విప్పి వదలడం ఆ వేట పద్ధతి. ఆ చీతాలు దేశంలోనే లేకుండా పోయి, 1952లో అంతరించినట్టు ప్రకటన వెలువడింది. అవి తరిమిన ఇర్రి మాత్రం ఆటోనగర్ లారీల మోత వింటూ ఇక్కడ మేస్తోంది.

షికారు చరిత్ర రాసేవారు సాధారణంగా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గురి గురించి, ఆయన కొట్టిన పులుల గురించి రాస్తారు. 1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వైస్రాయ్ కర్జన్ దంపతులు చచ్చిన పులితో దిగిన ఫోటో ఒకటి ఉంది. తీసింది నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్. ఆ ఫోటోను ఎప్పుడు చూసినా, పులిని అక్కడిదాకా తోలినవారు ఎక్కడున్నారని నా కళ్లు వెతుకుతాయి. మాది నర్సంపేట వైపు. పాకాల అడవిలో దొరల వేట ఉన్నప్పుడు ఊళ్లవాళ్లను వెట్టికి పిలిచేవారని, డప్పులూ రేకు డబ్బాలూ వాయిస్తూ వరుసగా అడవిని తోలుకుంటూ పోవాల్సి వచ్చేదని మా తాత తన తండ్రి నోట విన్నాడట. తుపాకీ మంచెమీద ఉండేది, తోలేవాడి చేతిలో కర్ర ఉండేది.

అందుకే, ఆనాటి షికారీలే నిజమైన అడవి సంరక్షకులన్న మాట వింటే నాకు సగమే ఒప్పుదల కలుగుతుంది. వనస్థలిగానీ, మెదక్ దగ్గరి పోచారం అభయారణ్యంగానీ మిగలడానికి అవి పాలకుల వేటస్థలాలు కావడం ఒక ముఖ్య కారణమన్నది కాదనలేం. అయితే అక్కడ కాపాడింది ప్రధానంగా జంతువును కాదు, దాన్ని కొట్టే హక్కును. ఆ హక్కు ఒక్కరిదే అయినందువల్ల జంతువు కూడా బతికిపోయింది. ఆ కట్టడి సడలిన తర్వాత జీపులూ సెర్చిలైట్లూ వచ్చి, రాత్రిపూట కళ్లు చెదిరి నిలబడిపోయిన జింకను కొట్టడం మొదలైంది. పాత షికారీలు దాన్ని వేటగా లెక్కించలేదు, ఆ విషయంలో వారితో నాకు పేచీ లేదు.

చట్టం మెల్లగానే వచ్చింది. 1970లో పులివేట నిషేధం, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాయి. ఆ చట్టంలో కూడా మొదట వేట లైసెన్సుకు కొంత చోటుండగా, 1991 సవరణ దాన్ని తీసేసింది. ఆ తరువాత నగరంలోని పాత కుటుంబాల తుపాకులు బీరువాలకే పరిమితమయ్యాయి. ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవడానికి తప్ప అవి గడప దాటిన సందర్భాలు తక్కువ.

గురి మాత్రం ఆగలేదు, కాగితం మీదికి మారింది. జాతీయ రైఫిల్ సంఘం 1951లోనే ఏర్పడింది. 1997లో తండ్రి కొనిచ్చిన ఎయిర్ పిస్టల్‌తో బేగంపేటలోని ఇంటి పెరట్లో సాధన మొదలుపెట్టిన గగన్ నారంగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. మన నగరపు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. మా మేనకోడలు గచ్చిబౌలి వైపు సాధనకు వెళుతుంది. బిగుసుకుపోయిన కాన్వాస్ జాకెట్ తొడుక్కుని, ఊపిరి సగం వదిలి, ఒక్కొక్క గుండుకు నిమిషం దాకా కదలకుండా నిలబడే ఆ పిల్లను చూస్తే, మంచెమీద కూర్చోవడానికి ఇంత ఓర్పు అవసరమయ్యేదా అనిపిస్తుంది.

ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. గుండు వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. సరిగ్గా తగిలితే చుక్క కనబడకుండా పోతుంది. ఆమె తెచ్చిన కార్డులను మా నాన్న కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, వెలుతురుకు అడ్డంపెట్టి, చిల్లులను ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు.