కాజీపేట రైలులో టైగా అడవి

హన్మకొండలో పెళ్లి భోజనాలయ్యాక కాజీపేట రైలుకు ఇంకా మూడు గంటల సమయం ఉంది. వేయి స్తంభాల గుడికి వెళదామంటే మా మేనకోడలు "పోయినసారి చూశాం కదా మామయ్యా" అంది. సరేనని చౌరస్తా దగ్గర పాత పుస్తకాల దుకాణానికి తీసుకెళ్లాను.

పోటీపరీక్షల గైడ్ల గుట్ట వెనక, పరిచిన గోనెసంచి మీద ఉన్నాయి పిల్లల పుస్తకాలు. తను ముందుగా తీసుకున్నది 'రైలుబడి'. పాత రైలు పెట్టెలనే తరగతి గదులుగా మార్చిన టోక్యో బడిలో తన చదువు గురించి తెత్సుకో కురొయనాగి చెప్పుకున్న ముచ్చట్లు. జపానులో 1981లో వచ్చింది. నాకేమో సోవియట్ రచయిత అర్కాదీ గైదార్ రాసిన పిల్లల కథ 'చుక్, గెక్' అట్ట ఊడిపోయి దొరికింది. ఒకప్పుడు తెలుగు పుస్తకాలు మాస్కోలో అచ్చయి వచ్చేవి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు అక్కడే ఉండి అనువదించేవారు. చిన్నప్పుడు వాటిలో సమోవార్ అనే మాట చదివి, అదేదో వాయిద్యమనుకున్నాను. టీ నీళ్లు కాచే పాత్ర అని తెలిసేసరికి కాలేజీకి వచ్చేశాను.

రెండూ కలిపి తొంభై రూపాయలు. "వీటిని ఎవరూ అడగరు సార్" అన్నాడు దుకాణదారు, ఇంకో పది తగ్గిస్తూ.

రైలు హసన్‌పర్తి దాటాక గైదార్ కథ పైకి చదవడం మొదలుపెట్టాను. ఎదుటి సీట్లో నాయనమ్మ పక్కన కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లవాడు మెల్లగా ఇటు జరిగాడు. మాస్కోలో ఇద్దరు అన్నదమ్ములు, దూరాన టైగా అడవిలో వాళ్ల నాన్న. టైగా గురించి చెప్పడం సులువే: మన కవ్వాల్ అడవిలో టేకు తీసేసి పైన్ చెట్లు పెట్టి, మోకాలి లోతు మంచు కురిపిస్తే చాలు. చిక్కు మరోచోట వచ్చింది. పిల్లలు కొట్టుకుని, టెలిగ్రాం దాచిన రేకు డబ్బాను కిటికీలోంచి బయటికి విసిరేస్తారు.

"టెలిగ్రాంను ఎలా విసిరేస్తారు అంకుల్? ఫోనే పారేశారా?"

మన దేశంలో తంతి సేవ 2013 జులైలోనే ఆగిపోయింది; వాడు అప్పటికి పుట్టనేలేదు. నేను తడుముకుంటుంటే వాళ్ల నాయనమ్మ అందుకుంది. "తారు రా. అది వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పని. చదివిపెట్టేవాళ్ల కోసం మళ్లీ ఊరంతా తిరగాలి." వాడికి ఇక వేరే వివరణ అక్కర్లేకపోయింది. "అయితే ఆ అమ్మకు చెప్పాలి కదా!" అని కంగారుపడ్డాడు.

జమ్మికుంటలో పల్లీలు కొన్నారు, అందరికీ పంచారు. కథ అడవిలోని ఖాళీ గుడిసె దాకా వచ్చేసరికి పెద్దపల్లి వచ్చేసింది. వాడు దిగి, ప్లాట్‌ఫారం మీద నుంచి కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"డబ్బా సంగతి వాళ్లమ్మకు తెలిసిపోయిందా అక్కా?"

"తెలిసింది! నాన్న కూడా వచ్చేశాడు!" అని అరిచింది మా మేనకోడలు. రైలు కదిలింది. వాడు కనుమరుగయ్యాక నావైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగా వస్తాడా మామయ్యా?"