విభజనకు ముందే ముగిసే నకలు

అమలాపురం ప్రాంతంలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించే నాకు ఏటా ఉల్లి వేరుకొనల ప్రయోగం దగ్గర ఒకే అపోహ ఎదురవుతుంది. ఎసిటోకార్మిన్ రంగు పట్టించి గాజు పలక మీద నొక్కిన కణాల్లో, మధ్యస్థ దశలో వరుస కట్టిన క్రోమోజోములు చలన దశలో విడిపోవడం చూసి, డీఎన్ఏ నకలు అవుతున్నది అప్పుడేనని విద్యార్థులు భావిస్తారు. నిజానికి అక్కడ జరుగుతున్నది పంపకం మాత్రమే. ఉల్లి కణంలోని 16 క్రోమోజోములలో ప్రతి ఒక్కటీ అప్పటికే రెండు క్రొమాటిడ్లుగా, అంటే ఒకేలాంటి రెండు నకళ్ళుగా ఉంటుంది. ఆ జంటలను కలిపి ఉంచిన కొహెసిన్ అనే ప్రోటీను తెగిన తరువాత, కండె పోగులు వాటిని చెరొక ధ్రువానికి లాగుతాయి.

నకలు జరిగే కణాలు కూడా అదే పలక మీద ఉంటాయి. కాకపోతే గుండ్రటి కేంద్రకం తప్ప మరే విశేషమూ కనిపించదు కనుక వాటిని ఎవరూ పట్టించుకోరు. రెండు విభజనల మధ్య ఉండే అంతర్దశలో, డీఎన్ఏ నకలయ్యే ఎస్ దశలో హెలికేజ్ అనే ఎంజైము డీఎన్ఏ పోగులను విడదీస్తుంటే, డీఎన్ఏ పాలిమరేజ్ అనే మరో ఎంజైము ఒక్కొక్క పాత పోగుకు ఎదురుగా అడెనిన్‌కు థైమిన్‌ను, గ్వానిన్‌కు సైటోసిన్‌ను జతచేస్తూ కొత్త పోగును అల్లుతుంది. అయితే పాలిమరేజ్ ఒకే దిశలో పనిచేయగలదు, పాత పోగులు రెండేమో ఎదురెదురు దిశల్లో ఉంటాయి. అందువల్ల ఒక పోగు మీద పని ఏకధాటిగా సాగితే, రెండవ దాని మీద ముక్కలుగా సాగుతుంది. మన చేలల్లో దమ్ము చేసిన మేరకు ముందుకు వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ పాత నాటు దాకా ఊడ్చుకొచ్చి, ఆ పైన దమ్మయిన చోటికి మళ్ళీ వెళ్ళి మొదలుపెట్టే కూలీల పనితీరు సరిగ్గా ఇదే. ఈ ముక్కలకు వాటిని కనుగొన్న ఒకజాకి పేరు పెట్టారు. వాటిని లైగేజ్ అనే ఎంజైము అతుకుతుంది. మానవ కణంలో పాలిమరేజ్ వేగం సెకనుకు సుమారు 50 న్యూక్లియోటైడ్లే (డీఎన్ఏ పోగులోని విడి భాగాలు) అయినా, వేల చోట్ల పని ఒకేసారి మొదలవుతుంది గనుక అంతా కొన్ని గంటల్లో ముగుస్తుంది.

కంటికి కనిపించని ఈ పనిని క్రోమోజోముల స్థాయిలో పట్టుకున్నది కూడా వేరుకొనల్లోనే కావడం నాకు ప్రత్యేకంగా నచ్చే విషయం. 1957లో హెర్బర్ట్ టేలర్, ఆయన సహచరులు విసియా ఫాబా అనే చిక్కుడు జాతి మొక్క వేళ్ళకు థైమిన్ ఉండే థైమిడిన్ అనే పదార్థాన్ని రేడియోధార్మిక రూపంలో అందించారు. మొదటి విభజనలో రెండు క్రొమాటిడ్లలోనూ ఆ గుర్తు కనిపించింది. గుర్తు లేని ద్రావణంలో మరొకసారి నకలైన తరువాత జంటలో ఒక దానిలోనే మిగిలింది. అంటే ప్రతి నకలులోనూ సగం పాతది, సగం కొత్తది. మరుసటి ఏడాది మెసెల్సన్, స్టాల్ బాక్టీరియా డీఎన్ఏలోనూ ఇదే పద్ధతిని నిరూపించారు.

టేలర్ థైమిడిన్‌నే ఎంచుకోవడానికి కారణముంది: థైమిన్ డీఎన్ఏకు ప్రత్యేకం, ఆర్ఎన్ఏలో దాని స్థానంలో యురాసిల్ ఉంటుంది. కణం థైమిన్ న్యూక్లియోటైడ్‌ను తయారు చేసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం నుంచి వచ్చే సహకారకం కావాలి. ఈ మాట వచ్చినప్పుడు 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా పాఠం ముగించడం అన్యాయమని నా అభిప్రాయం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ తరువాత దానిని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను రూపొందించింది. అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు.

ఇలాంటి మందు క్రోమోజోములు విడిపోయే దశను తాకదు, అంతకు ముందే ముడిసరుకును ఆపి ఎస్ దశలో దెబ్బకొడుతుంది. క్యాన్సర్ కణాన్నీ ఎముక మజ్జ కణాన్నీ అది వేరుచేసి చూడలేదు. త్వరత్వరగా విభజన చెందే కణం ఏదైనా దానికి ఒకటే. అందుకే మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఇచ్చిన రోగులకు, ఆరోగ్యవంతమైన కణాలలో నకలు మళ్ళీ సాగేలా వైద్యులు కొన్ని గంటల తరువాత, మందు అడ్డుకున్న మెట్టును దాటిపోగల ఫోలినిక్ ఆమ్లం ఇస్తారు.