షడ్జమం నుంచి షడ్జమానికి ఎంత దూరం

మా ఇంట్లో కీబోర్డు సంచి పక్క అరలో ఒక దర్జీ టేపు ఉంటుంది. కొత్త కీబోర్డు కొన్నామని ఎవరైనా పిల్లని తీసుకొస్తే, అందులో ఎన్ని టోన్లున్నాయి, ఎన్ని రిథమ్‌లున్నాయి అని నేను అడగను. టేపు తీసి సా (అదే షడ్జమం) దగ్గర్నుంచి పై సా దాకా కొలుస్తాను. ఈ అలవాటు నాకు 2022 నుంచి వచ్చింది.

అంతకు రెండేళ్ల ముందు, బడులన్నీ మూతబడినప్పుడు, విజయనగరం కంటోన్మెంటులో మా ముందుగదిలో నడిచే క్లాసులు ఫోనులోకి మారిపోయాయి. అప్పుడే ఒక మూడో తరగతి పిల్ల చేరింది. ఏ కీబోర్డు కొనమంటారని వాళ్ల నాన్న అడిగితే "61 కీలున్నది ఏదైనా తీసుకోండి" అన్నాను. కీల వెడల్పు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తప్పు నాదే. ఫోన్ తెర మీద చెయ్యీ కీలూ అన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి, నాకేమీ అనుమానం రాలేదు. సరళీ వరుసలు, జంట వరుసలు, రెండు గీతాలు చక్కగా పట్టేసింది.

2022 వేసవిలో మొదటిసారి మా ఇంటికొచ్చి నా కీబోర్డు ముందు కూర్చుంది. బొటనవేలు సా మీద పెట్టి, చూడకుండానే చిటికెనవేలు పై సా కోసం చాపింది. ధైవతం, అంటే ధ, పలికింది. అది కూడా రాగంలోని ధైవతం కాదు. సరళీ వరుసలు మొదలుపెట్టే మాయామాళవగౌళ రాగంలో శుద్ధ ధైవతం నల్ల కీ, ఆ వేలు పడింది దాని పక్కనున్న తెల్ల కీ మీద. పిల్ల ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ అదే ధైవతం. మూడోసారి కీల వంక కాకుండా తన అరచేతి వంక చూసుకుంది. ఆ చూపు నాకింకా గుర్తే. ఏడాదిన్నర సాధన చేసిన చెయ్యి, తన చెయ్యే తనకి అబద్ధం చెప్పిందనుకుంది.

మర్నాడు వాళ్ల కీబోర్డు తెమ్మన్నాను. టేపు పెట్టాను. నా దాని మీద సా నుంచి పై సాకి పదహారున్నర సెంటీమీటర్లు, దాని మీద పన్నెండున్నర. పియానోకి అలవాటుగా ఉన్న కొలతే నా కీబోర్డుకీ ఉంది: ఒక్కో తెల్ల కీ దాదాపు 23.5 మిల్లీమీటర్లు, ఏడు కీలకి సుమారు 165. వాళ్లది మినీ కీలది. పన్నెండున్నర సెంటీమీటర్లు చాపడం నేర్చిన చిటికెనవేలు నా కీబోర్డు మీద సరిగ్గా ధైవతం దగ్గరే దిగుతుంది. పిల్ల తప్పేమీ లేదు, లెక్క అంత కచ్చితంగా ఉంది.

"రెండిట్లోనూ 61 కీలే కదండీ మేడమ్, తేడా ఏటుంటాది?" అన్నారు వాళ్ల నాన్న. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. పెట్టె మీద 61 అనే ఉంటుంది గానీ వెడల్పు ఎవరూ రాయరు. అందుకే ఇప్పుడు అందరికీ ఒక లెక్క చెబుతున్నాను. 61 కీల కీబోర్డులో తెల్ల కీలు 36. ఒక్కోటి 23.5 మిల్లీమీటర్లు వేసుకుంటే కీలకే దాదాపు 85 సెంటీమీటర్లు కావాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పొడవు ఎంతో చూడండి. మొత్తం కీబోర్డే 85 కంటే పొట్టిగా ఉంటే అది పూర్తి సైజు కాదు, పేరేదైనా సరే. యమహా పీఎస్ఎస్ వరసలోవి, కాసియో ఎస్ఏ వరసలోవి మినీ కీలవని వాళ్లే చెప్పి అమ్ముతారు. ఇబ్బందల్లా ఏమీ చెప్పకుండా 61 అని మాత్రం రాసే వాటితోనే.

వెడల్పు సంగతి టేపుతో తేలిపోతుంది. నొక్కుడు సంగతి అంత తేలిక కాదు. దాని గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు.

మాయామాళవగౌళే తీసుకోండి. సా తెల్ల కీ, రి నల్ల కీ, గ మ ప తెల్లవి, ధ నల్లది, ని తెల్లది. వేళ్లు నల్ల కీలని అందుకోవాలంటే చెయ్యి మొత్తం లోపలికి జరగాలి. అలా జరిగాక గాంధారాన్నీ పంచమాన్నీ కీ అంచు దగ్గర కాకుండా లోపల, నల్ల కీల పక్కన నొక్కాల్సొస్తుంది. తలుపుని గడియ దగ్గర తోస్తే తేలిగ్గా కదులుతుంది, బందు దగ్గర తోస్తే బిగుసుకుంటుంది కదా, కీ కూడా అంతే. చవక కీబోర్డుల్లో కీ పొట్టిగా ఉంటుంది, దాని బందు మన వేలికి మరీ దగ్గర. అంచున తేలిగ్గా దిగే కీ లోపల మొరాయిస్తుంది. టచ్ రెస్పాన్స్, అంటే నొక్కిన జోరుని బట్టి స్వరం గట్టిగానో మెల్లగానో పలికే ఏర్పాటు, ఉన్న కీబోర్డు అయితే ఆ స్వరం మెల్లగా కూడా పలుకుతుంది. రిషభం గట్టిగా, గాంధారం పీలగా వస్తుంటే "సమంగా వాయించు" అని ఎంతమంది పిల్లల్ని కోప్పడ్డానో! పిల్లలు సమంగానే నొక్కుతున్నారు. అందుకే కొనేముందు ఒక తెల్ల కీని అంచున ఒకసారి, నల్ల కీల మధ్యన ఒకసారి నొక్కి చూడమంటాను. రెండు చోట్లా బలం మరీ తేడాగా పడితే దాన్ని అక్కడే వదిలెయ్యండి.

టచ్ రెస్పాన్స్‌లో మాయేమీ లేదు. ప్రతి కీ కింద రబ్బరు బుడిపెలో రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి ముందు తగులుతుంది, రెండోది ఆ వెంటనే. రెండింటి మధ్య పట్టిన సమయాన్ని బట్టి మనం ఎంత జోరుగా నొక్కామో లెక్కకట్టి కీబోర్డు 1 నుంచి 127 దాకా ఒక అంకె వేస్తుంది. అంటే అది కొలిచేది వేగాన్ని. కాసియోలో సీటీ-ఎస్200కి ఇది లేదు, సీటీ-ఎస్300కి ఉంది. యమహాలో పీఎస్ఆర్-ఎఫ్51కి లేదు, మన దేశం కోసం చేసిన పీఎస్ఆర్-ఐ500కి ఉంది. డబ్బు కొంచెం ఎక్కువైనా ఉన్నదే కొనండి.

మా నాన్నగారు గజపతినగరం, చీపురుపల్లి చుట్టుపక్కల పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. నా కీబోర్డు మీద మొదటిసారి చెయ్యి వేసి, రెండు స్వరాలు వాయించి ఆగిపోయారు. "వేలితో గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతోందేటే తల్లీ, మరి గాలెక్కడుంది?" అన్నారు. హార్మోనియంలో గట్టీ మెల్లా అంతా తిత్తిలోనే, ఎడమ చేతిలోనే. వేలు చేసేది గాలికి దారి తియ్యడమే. నలభై ఏళ్లు మెట్లని అలా నిమిరినట్టు నొక్కిన వేళ్లకి ఈ పద్ధతి మింగుడు పడలేదు. టచ్ ఆపేసి ఇచ్చాను. అప్పుడు గంటసేపు లేవలేదు.

పియానోలోని సుత్తుల బరువు వేలికి తెలిసేలా చేసిన 88 కీల కీబోర్డులు వైజాగ్‌లో ఒక షాపులో వాయించి చూశాను. కింది స్థాయి బరువుగా, పైకి వెళ్లేకొద్దీ తేలిగ్గా ఉంటాయి, అసలు పియానోలాగే. పియానో గ్రేడ్ పరీక్షలకి వెళ్లే పిల్లలకి అవే కావాలి. మూడో కాలంలో వేగంగా వాయించే స్వరాలకి నాకు మాత్రం మామూలు కీబోర్డుల్లోని తేలికైన స్ప్రింగు కీలే హాయి.

ఇరుకు కీలు తక్కువవని ఎవరూ అనుకోకండి. జోసెఫ్ హాఫ్‌మన్ అంతటి పియానిస్టుకి చేతులు చిన్నవని స్టైన్‌వే వాళ్లు కాస్త ఇరుకు కీలతో పియానోలు చేసిచ్చారు. అమెరికాలో డేవిడ్ స్టైన్‌బ్యూలర్ సా నుంచి పై సాకి ఐదున్నర అంగుళాలుండేలా, ఆరు అంగుళాలుండేలా పియానో కీబోర్డులు తయారు చేశాడు. మామూలుది ఆరున్నర. చెయ్యి చిన్నదైతే కీ చిన్నదవడంలో తప్పేముంది? నా చెయ్యీ చిన్నదే, పదహారున్నర సెంటీమీటర్లు అందుకోవడానికి ఇప్పటికీ సాగదీయాలి. ఒక కొలత మీద నేర్పించి, చెప్పకుండా ఇంకో కొలత ముందు కూర్చోబెట్టడమే అన్యాయం.

ఆ పిల్లకి పెద్ద కీల మీద పై సా అందుకోవడానికి చెయ్యి చాపడం మాన్పించి, వేలు మార్చి వెళ్లడం నేర్పాను. మూడు వారాలు పట్టింది. చిన్న కీబోర్డు అమ్మేస్తామంటే వద్దన్నాను, ఇప్పుడు దాని మీద ఐదేళ్ల తమ్ముడు వాయిస్తున్నాడు.

మొన్న ఆదివారం క్లాసయ్యాక ఆ పిల్ల మా నాన్నగారి హార్మోనియం తెరిచి చూస్తానంది. తిత్తి నేను వేశాను. కళ్లు మూసుకుని సా నుంచి పై సాకి చెయ్యి చాపింది, వేలు సరిగ్గా దిగలేదు గానీ ఈసారి ఉలిక్కిపడలేదు. కొంచెం జరిపి చూసుకుని, "టీచర్, ఇది మా దానికీ మీ దానికీ మధ్యలో ఉంది కదా!" అంది.

టేపు తెచ్చి పెట్టాను. పద్నాలుగున్నర.