పేరు మారిన ఓడ

చెన్నైలో సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి పొద్దున ఫొటో తీస్తే ఓడలన్నీ నల్లటి నీడలే. మన ఓడల ఫొటోల గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు అవే పంపి లైకులు అడుగుతారు. నాకు కావాల్సింది వెనకవైపు పేరు, ఓడకిచ్చే ఏడంకెల గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఓ నంబర్. (చాదస్తం అంటుంది మా ఆవిడ, నిజమే.) ఓడ పేరు, జెండా, యజమాని ఎన్నిసార్లు మారినా ఆ నంబర్ మారదు. నిన్న విశాఖ నుంచి ఒక పెద్దాయన డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన తీసిన పాత ఫొటో పంపారు. పేరు వేరు, రంగు వేరు. నంబర్ కలిపి చూస్తే మొన్న మన పోర్టుకి కార్ల కోసం వచ్చిన ఓడే! ఇద్దరం అర్ధరాత్రి దాకా ఒకటే కబుర్లు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మెరీనా లైట్‌హౌస్ దగ్గర కలుద్దాం. పోర్టు లోపలికి తీసుకెళ్లమని మాత్రం అడగొద్దు, పర్మిషన్ లేకుండా కుదరదు.