కువైట్ ఇంట్లో జీతం పేచీ వస్తే

కడప, రాయచోటి, రాజంపేట పక్కనుంచి కువైట్‌కు ఖాదిమ్ (ఇంటి పని) వీసా మీద పోయేవాళ్లకు పేచీ వచ్చేది ఎక్కువగా జీతం దగ్గరే. లెక్క చేతిలో ఉంటే భయపడకుండా అడగొచ్చు.

ఇంటి పనివాళ్లకు అక్కడ 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతం సెలవు ఇవ్వాలి. కాంట్రాక్టు ముగిశాక ఏడాదికి ఒక నెల జీతం లెక్కన విడిగా ముట్టాలి. నెలకు 100 దీనార్ల మీద రెండేళ్లు చేసినవాళ్లకు అది 200 దీనార్లు. ఆ ఊసే ఎత్తకుండా విమానమెక్కి వచ్చేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

రోజూ పని చెప్పేది మామానే (ఇంటి యజమానురాలే) అయినా, జీతం అడగాల్సింది మీ అకామా (అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి) ఎవరి పేరు మీదుందో ఆ కఫీల్‌ను, అంటే స్పాన్సర్ యజమానిని. దివానియాలో (మగవాళ్లు అతిథులతో కూర్చునే గదిలో) చుట్టాలుండగా అడగొద్దు. నలుగురి ముందు పరువు పోయిందనుకుంటే ఇచ్చే మనిషి కూడా మొండికేస్తాడు. ఒక్కడే ఉన్నప్పుడు, "బాబా, షహరేన్ రాతిబ్ మాఫీ" (అయ్యా, రెండు నెలల జీతం రాలేదు) అని మెల్లగా, స్పష్టంగా చెప్పి, ఏ నెలలు, ఎన్ని దీనార్లు అన్నది ఆ రోజే వాట్సాప్‌లో రాసి పంపండి. పాత బాకీలు, పక్కింటి జీతాలు, తిట్లు అందులో కలపొద్దు. కలిపితే మాట జీతం మీదనుంచి మీ నోటి మీదికి మళ్లుతుంది.

కోపంలో గడప దాటి స్నేహితుల రూముకు పోవడమే అన్నిటికంటే ప్రమాదం. కఫీల్ పరారీ కేసు పెడితే, రావాల్సిన జీతం సంగతి అటుంచి మీరే ఖల్లివల్లి (చట్టవిరుద్ధంగా ఉంటున్న మనిషి) అవుతారు. బయటికి రాక తప్పకపోతే అదే రోజు నేరుగా భారత ఎంబసీకి పోండి. యజమానులు కొనిచ్చిన ఫోన్‌తో సహా ఆ ఇంటి వస్తువు ఒక్కటీ సంచిలో ఉండకూడదు, దొంగతనం కేసుకు అదే సాకవుతుంది. చేరి ఆరు నెలలు కాకపోతే, తెచ్చిన మక్తబ్‌కూ (పనివాళ్లను తెప్పించే ఆఫీసుకూ) బాధ్యత ఉంటుంది.

పోయేముందే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫొటోలు ఇంట్లోవాళ్ల ఫోన్లో పెట్టండి. అక్కడికి చేరాక బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) రెండువైపులా, కఫీల్ పేరు, ఇంటి ఏరియా, బ్లాక్, వీధి, ఇంటి నంబరు పంపండి. ఇవుంటే మీవాళ్లు కడపలో కూర్చునే భారత ప్రభుత్వ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టగలరు.

రాజీ కుదిరితే కాగితం అరబీలో ఉంటుంది. చదవగలిగిన మనిషిని పక్కన పెట్టుకుని, డబ్బు లెక్కపెట్టుకున్నాకే వేలిముద్ర వేయండి.