చివితావెక్కియా రేవులో పదకొండున్నర గంటలు

క్రూయిజ్ ఓడ కంపెనీ కాగితాల్లో 'రోమ్' అనే ఉంటుంది గానీ, ఓడ ఆగేది చివితావెక్కియాలో. అక్కణ్ణించి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. హైదరాబాద్ అని చెప్పి జనగామలో దింపినంత దూరం. ఓడవాళ్ల బస్సు టూరుకి తలకి నూట ముప్పై యూరోల పైమాటే చెప్పారు. అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను, నలుగురం సొంతంగా రైల్లో వెళ్లి వచ్చాం. రైలుకీ మెట్రోకీ కలిపి మనిషికి 12 యూరోలు, పాతకాలపు రోమన్ అరీనా కొలోసియం టికెట్టు 18, రోమన్ల గుడి పాంథియాన్‌ది 5. దారి తేలికే. దెబ్బ తిన్నది ఒక్క చోటే, అదీ టికెట్ల మీద పేర్ల దగ్గర. ఇల్లు చేరి రెండు రోజులే అయింది. వివరాలు చెదిరిపోకముందే రాస్తున్నాను.

ముందు టైము లెక్క. దీన్ని సాయంత్రం నుంచి వెనక్కి వేసుకోవాలి. ఓడ కదిలేది 19:00, కానీ అందరూ ఎక్కేసి ఉండాల్సింది 18:30కి. మనకు లెక్క ఆ రెండోదే. స్టేషన్ నుంచి ఓడ మెట్ల దాకా గంట పెట్టుకోండి: 17:30. రైలు ఇంకో గంట: 16:30. ఒక రైలు రద్దయి తర్వాతి దాని కోసం చూడాల్సి వస్తే ఇంకో గంట: 15:30. రోమ్‌లో స్టేషన్ వైపు కాళ్లు తిప్పాల్సిన టైము అదే. ఓడవాళ్ల టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. రేవులో ఓడ తరఫున ఒక ఏజెంటు ఉంటాడు. ఎవరైనా మిగిలిపోతే వాళ్ల పాస్‌పోర్టు అతని చేతికిచ్చి ఓడ వెళ్లిపోతుంది. అతని నంబరు రాత్రిపూట గదిలో పెట్టే కార్యక్రమాల కాగితం మీద ఉంటుంది. దిగేముందు దాన్ని ఫొటో తీసుకోండి.

రెండోది, సమ్మెలు. ఇటలీలో రైల్వే సమ్మెల తేదీలు ముందే ప్రకటిస్తారు. 'షోపెరో' అనే మాట గుర్తుపెట్టుకుని వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి వెతకండి. సమ్మె రోజైనా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 18 నుంచి 21 మధ్య కొన్ని రైళ్లు తప్పనిసరిగా నడుపుతారు. అది చూసి ధైర్యం చెయ్యకండి. 18:30కి ఓడ ఎక్కాల్సినవాళ్లకి 18:00 తర్వాతి రైలు ఎందుకూ పనికిరాదు. సమ్మె ఉంటే ఆ రోజుకి ఓడవాళ్ల బస్సే.

వీసా సంగతి ఒక్క మాట. ఓడ మధ్యలో టర్కీ, ట్యునీషియా లాంటి దేశాల్లో ఆగేదైతే షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) మల్టిపుల్ ఎంట్రీది కావాలి, సింగిల్ ఎంట్రీతో తిరిగి లోపలికి రాలేరు.

ఓడ ఏడింటికి ఆగింది, 7:40కి దిగాం. రేవు లోపల నడవనివ్వరు. ఉచిత షటిల్ బస్సు లార్గో దెల్లా పాచే అనే చోట దింపుతుంది. అక్కడ టాక్సీవాళ్లు 'రైళ్లు లేవు', 'స్టేషన్ చాలా దూరం' అంటూ చుట్టుముడతారు. ఆగకండి. స్టేషన్‌కి అక్కణ్ణించే టౌను బస్సుంది. నడిస్తే సముద్రం పక్కనుంచి, మైకెలాంజిలో కోట మీదుగా అరగంట లోపే. అమ్మానాన్నల మోకాళ్ల కోసం మేం బస్సెక్కాం.

స్టేషన్‌లో టికెట్ మెషీన్ల ముందు ఓడ జనమంతా బారులు తీరి ఉంటారు. అక్కడ నిలబడక్కర్లేదు. పేపర్ల కొట్లో, 'టి' అక్షరం బోర్డుండే సిగరెట్ల కొట్లో 'బిర్గ్' అనే రోజు టికెట్టు అడగండి. చివితావెక్కియా నుంచి రోమ్‌కి రానూపోనూ ప్రాంతీయ రైలు, రోమ్ మెట్రో, సిటీ బస్సులు అన్నీ ఆ ఒక్క కాగితంతోనే, ఆ రోజు అర్ధరాత్రి దాకా. నేను కొన్నప్పుడు 12 యూరోలు. ఇంటర్‌సిటీ లాంటి వేగం రైళ్లలో చెల్లదు. దాని మీద పేరు, పుట్టినతేదీ మనమే రాయాలి, జేబులో పెన్నుండాలి. రాశాక ప్లాట్‌ఫాం దగ్గరున్న మెషీన్‌లో దూర్చి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్టు కొన్నదైనా కొననట్టే, టీటీ జరిమానా రాస్తాడు. ఒక్కోసారి మెషీన్ టిక్కుమంటుంది గానీ సిరా పడదు. కాగితం వెలుతురులో పెట్టి తేదీ కనబడుతోందో లేదో చూసుకున్నాకే రైలెక్కండి. మా నాలుగింట్లో ఒకటి అలా ఖాళీగానే బయటికొచ్చింది, పక్క మెషీన్‌లో మళ్లీ పెట్టాం.

రైల్లో కుడివైపు కూర్చుంటే సముద్రం కనబడుతుంది. రోమ్‌లో ముఖ్యమైన స్టేషన్లు వరసగా సాన్ పియెత్రో, త్రాస్తెవెరె, ఓస్తియెన్సే, చివర తెర్మిని. అందరూ తెర్మిని దాకా పోతారు, అనవసరం. కొలోసియానికి ఓస్తియెన్సేలో దిగండి. అక్కణ్ణించి సొరంగం దారిలో పిరమిదె మెట్రో, బి లైన్‌లో రెండో స్టాపు కొలోసియం. మెట్లెక్కి బయటికి రాగానే ఎదురుగా అదే ఉంటుంది. 10:05కల్లా అక్కడున్నాం. మా టికెట్టు 10:30కి.

ఇక అసలు బాధ.

కొలోసియం టికెట్ల మీద 2023 అక్టోబరు నుంచి మనిషి పేరు ఉంటుంది. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగి, పేరు సరిపోతేనే లోపలికి. టికెట్లు గంపగుత్తగా కొని బ్లాకులో అమ్మేవాళ్లని ఆపడానికి పెట్టిన రూలు, మంచి రూలే. టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు, సీజన్లో చూస్తుండగానే అయిపోతాయి. ఆ టైముకి నాకు ఆఫీసు పని ఉంటుందని, క్రూయిజ్ బుక్ చేసిన హైదరాబాద్ ఏజెంటుకే పని అప్పజెప్పాను. నలుగురి పాస్‌పోర్టు స్కాన్లూ అతని దగ్గరే ఉన్నాయి. చూసి కొట్టడమే పని.

చూడలేదు. నా పేరు ఒక్కటే సరిగ్గా పడింది. నాన్నకి ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం, మన ఇన్‌లాండ్ లెటర్ల మీద రాసినట్టు. మా ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, పెళ్లయ్యాక మార్చుకోలేదు. ఏజెంటు నా ఇంటిపేరు తగిలించాడు. అమ్మది పాత పద్ధతి పాస్‌పోర్టు: సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరూ అసలు పేరూ కలిపి గివెన్ నేమ్ గడిలో ఉన్నాయి. వెబ్‌సైటు రెండు గడులూ నింపమంటుంది కదా, అమ్మ ఇంటిపేరు తీసేసి నాన్న పేరు పెట్టాడు. టికెట్లు వాట్సాప్‌లో వచ్చినప్పుడు తేదీ, టైము చూసుకున్నాను, పేర్లు చూడలేదు. ఆ తప్పు నాది.

పాస్‌పోర్టులు మా దగ్గర లేవు. ఓడ ఎక్కేటప్పుడే ఇండియన్ పాస్‌పోర్టులు తీసుకుని దగ్గర పెట్టుకున్నారు. కలర్ జెరాక్సులు, ముగ్గురి డ్రైవింగ్ లైసెన్సులు, అమ్మ ఆధార్ కార్డు తెచ్చుకున్నాం. అవి చాలనుకున్నాం.

గేటు దగ్గరి అమ్మాయి నా లైసెన్సు చూసి తలూపింది. నాన్న లైసెన్సు మీద వేలు పెట్టి, స్కానర్‌లో వచ్చిన పేరుతో ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోయి, ఆ ఒంటి అక్షరం దగ్గర ఆగింది. మా ఆవిడది చూడగానే తల అడ్డంగా ఊపింది. అమ్మ ఆధార్ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. లక్ష్మి అనే మాట ఆధార్‌లో 'ఎక్స్'తో, పాస్‌పోర్టు జెరాక్సులో 'కె', 'ఎస్'లతో ఉంది. టికెట్ మీద ఇంటిపేరు చోట మగమనిషి పేరు. మూడు కాగితాలు, మూడు పేర్లు. మమ్మల్ని లైన్లోంచి తీసి తాడు అవతల నిలబెట్టారు. వెనకాలవాళ్లు మమ్మల్ని చూసుకుంటూ లోపలికి పోతున్నారు. అమ్మ ఏం మాట్లాడలేదు, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. తన పేరు తనదేనని రుజువు చేసుకోవడం డెబ్బయ్యేళ్ల మనిషికి ఎంత కష్టమో ఆ అరగంటలో చూశాను.

సూపర్‌వైజర్ వచ్చి ఓపిగ్గానే విన్నాడు. ఇంటిపేరు ముందు రావడం, ఇనీషియల్ అంటే ఏమిటో, పెళ్లయినా పేరు మారకపోవడం, అన్నీ చెప్పాను. నాన్న అక్షరం జెరాక్సులో ఇంటిపేరు మొదటి అక్షరంతో కలిసింది కాబట్టి ఒప్పుకున్నాడు. మిగతా ఇద్దరికీ కుదరదన్నాడు. కౌంటర్లో ఆ రోజుకి టికెట్లు లేవు. "డబ్బు పోసి కొన్నవి, మీరిద్దరన్నా చూసి రండ్రా" అని అమ్మే పంపింది. నేనూ నాన్నా యాభై నిమిషాలు లోపల తిరిగొచ్చాం. ఏం చూశామో గుర్తు లేదు.

నలుగురిలో లోపలికి వెళ్లింది ఇద్దరు మగవాళ్లం, బయట మిగిలింది ఇద్దరు ఆడవాళ్లు. ఇది యాదృచ్ఛికం కాదు. మగవాడి పేరులో తప్పు పడితే ఒక అక్షరం తగ్గుతుంది, ఆడమనిషి విషయంలో పేరే మారిపోతుంది. పెళ్లయింది కదా, భర్త పేరే ఉంటుందిలే అనుకుని అడక్కుండా మార్చేస్తారు. కళ్లెదుట పాస్‌పోర్టు స్కాన్ పెట్టుకుని కూడా అలా ఊహించడం నేను క్షమించలేను.

కాబట్టి పేరుండే టికెట్టు ఏదైనా మీరే కొనండి. పాస్‌పోర్టు కింద రెండు వరసల్లో బాణం గుర్తుల మధ్య అక్షరాలుంటాయి కదా, పై వరసలో ఉన్న స్పెల్లింగే టైపు చెయ్యండి. సర్‌నేమ్ ఖాళీ అయితే గివెన్ నేమ్‌నే రెండు గడుల్లోనూ కొట్టండి, బయటి మాట ఒక్కటి కూడా చేర్చకండి. ముందురోజు రాత్రి ఓడ రిసెప్షన్‌లో పాస్‌పోర్టు అడగండి. మా ఓడలో సంతకం పెడితే ఇచ్చి, సాయంత్రం తీసుకుంటున్నారట. ఆ సంగతి మర్నాడు పక్క గదివాళ్లు చెబితే తెలిసింది.

మధ్యాహ్నం సాఫీగా గడిచింది. ఫోరం అనే పాత రోమన్ శిథిలాల పక్క రోడ్డు మీదుగా పియాజ్జా వెనేజియా కూడలి, అక్కణ్ణించి పాంథియాన్, నడక రెండు కిలోమీటర్ల లోపే. పాంథియాన్ టికెట్టు అక్కడికక్కడే కొన్నాం. గోపురం వెడల్పు 43 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. నడినెత్తిన కంత, వానపడితే నీళ్లు నేరుగా లోపలికే. నేల మీద ఆ నీళ్లు పోవడానికి చేసిన చిన్న చిన్న చిల్లులు అమ్మే కనిపెట్టి చూపించింది.

తిండికి ముక్కలు కోసి తూకానికి అమ్మే పిజ్జా మంచిది. వందేసి గ్రాముల లెక్క, వేలు చూపించి ఇంత చాలు అనొచ్చు. శాకాహారులు జాగ్రత్త: అద్దాల పెట్టెలో మన బోండాల్లా కనబడేది సుప్లీ, అన్నంతో చేస్తారు, లోపల చాలాసార్లు మాంసం ఉంటుంది. నీళ్లు కొనక్కర్లేదు, వీధి కుళాయిలు వేలల్లో ఉన్నాయి, తాగేనీళ్లే. సీసా ప్లాస్టిక్‌దో స్టీలుదో పట్టుకెళ్లండి, కొలోసియంలో గాజు సీసా రానివ్వరు.

వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చికి ప్రవేశం ఉచితం, తనిఖీ లైన్‌కే మాకు నలభై నిమిషాలు పట్టింది. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీర, చుడీదార్ ఏ ఇబ్బందీ లేవు, చేతుల్లేని జాకెట్టయితే కొంగు కప్పుకోవాలి. బుధవారం ఓడ ఆగితే పొద్దున పోప్ సభ ఉంటుంది, చర్చి మధ్యాహ్నానికి పెట్టుకోండి. వాటికన్ మ్యూజియం జోలికి ఒక్క రోజులో పోకండి. కొలోసియం, మ్యూజియం రెండూ కావాలంటే ఓడ తప్పుతుంది.

తిరుగు రైలుకి కూడా తెర్మిని వెళ్లొద్దు. అక్కడ చివితావెక్కియా రైళ్ల ప్లాట్‌ఫారాలు స్టేషన్ ముఖద్వారం నుంచి పది నిమిషాల నడక, ఆఖరి నిమిషంలో పరుగెత్తాలి. చర్చికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతివైపు స్తంభాలు దాటి, పావుగంట నడిస్తే సాన్ పియెత్రో స్టేషన్. బోర్డు మీద చివితావెక్కియా పేరే ఉండకపోవచ్చు. గ్రోసెతో, పీసా వెళ్లే రైళ్లూ అక్కడ ఆగుతాయి. గోడ మీది పట్టికలో స్టాపులు చూసుకోండి. 'సొప్రెస్సో' అని పడితే ఆ రైలు రద్దు. మాకు 15:45కి రైలు దొరికింది, 17:10కి ఓడలో ఉన్నాం.

ఆ రాత్రే ఏజెంటుకి నాలుగు టికెట్లూ నాలుగు స్కాన్లూ పక్కపక్కన పెట్టి పంపాను. నాన్ రిఫండబుల్ అన్నాడు. రద్దు చెయ్యమని నేను అడగలేదు, తప్పు పేర్లతో కొన్న రెండు టికెట్ల డబ్బూ, దాని మీద తీసుకున్న సర్వీసు చార్జీ తిరిగి కట్టమన్నాను. నిన్న సర్వీసు చార్జీ వేశాడు. మిగతా 36 యూరోలకి ఇవాళ పొద్దున మళ్లీ మెయిల్ పెట్టాను.